తాడు దారి: కొబ్బరి తోటలో మా మేనకోడలి కోసం

ఏప్రిల్ 22

కాలువలు కట్టేశారు. ధవళేశ్వరం నుంచి నీళ్ళు ఆగిపోయాయి, మా ఇంటి వెనక పంట కాలువలో ఇప్పుడు బురద, గుర్రపుడెక్క తప్ప ఏమీ లేవు. కోనసీమలో తోటపని పెట్టుకోవడానికి ఇదే అదను. జూన్ మొదట్లో మళ్ళీ నీళ్ళు వదిలేలోపు ఈ పని ఒక కొలిక్కి రావాలి.

పని ఏమిటంటే, ఇంటి అరుగు నుంచి తోటలోకి తాడు దారి. మా అక్క కూతురికి ఎనిమిదేళ్ళు, చూపు లేదు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనంతట తను తోటలోకి వెళ్ళి రావాలి. ఒక పక్కన వరసగా గుంజలు, వాటికి నడుమెత్తున కొబ్బరి తాడు. దాని మీద చెయ్యి వేసుకుని నడిచిపోవడమే. రాసుకుంటే ఇంతే. ఎలా కడుతున్నామో, ఎక్కడ ఏం తేడా వస్తోందో ఇక్కడ రాస్తూ ఉంటాను. ఇలాంటి పిల్ల ఉన్న ఇంకో ఇంటికి కొలతలైనా పనికొస్తాయి.

చూపు సంగతి ఒక్కసారి చెప్పేస్తాను, మళ్ళీ ఎత్తను. పిల్ల నెలలు నిండకుండా పుట్టింది, అప్పుడు బరువు కిలో కంటే ఓ పిసరు ఎక్కువ. అలా పుట్టిన బిడ్డల కంటి రెటీనాలో రక్తనాళాలు పూర్తిగా ఎదిగి ఉండవు. బయటికి వచ్చాక అవి అడ్డదిడ్డంగా పెరిగి, ముదిరితే రెటీనాని ఊడలాగేస్తాయి. 34 వారాలకు ముందు పుట్టినా, బరువు 2 కిలోల లోపు ఉన్నా, పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష అయిపోవాలి. మరీ తక్కువ వారాలైతే ఇంకా ముందే. అప్పుడు పట్టుకుంటే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో చాలామందికి చూపు నిలుస్తుంది. ఇంటికి పంపేటప్పుడు మాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. మీ చుట్టాల్లో అలాంటి బిడ్డ పుడితే, బారసాల ముహూర్తం కంటే ముందు ఆ పరీక్ష తేదీ అడగండి.

ఏప్రిల్ 26

దారి గీత గీయడానికి ఇంటిల్లిపాదీ అరుగు మీద కూర్చున్నాం. బావ కువైట్‌లో ఉన్నాడు కాబట్టి ఫోన్లో.

అమ్మ లెక్క ప్రకారం దారి మూడు చోట్లకి చాలు: బాత్రూము, గేదెల పాక, నీళ్ళ తొట్టి. "అంతకంటే లోపలికి దానికేం పనిరా? రక్తపింజర్లు తిరిగే తోట." అక్కదీ ఇంచుమించు అదే మాట, కాకపోతే కొంచెం మెత్తగా. పిల్లని మటుకు ఎవరూ అడగలేదు. అది అరుగు చివర కూర్చుని కొబ్బరి ఈనెలు విరుస్తోంది.

అప్పుడు భవిత సెంటర్ టీచర్ గారు వచ్చారు. మండలంలో ఇలాంటి పిల్లలకి బ్రెయిలీ, కర్రతో నడక నేర్పేది ఆవిడే. మా అమ్మ పిల్లని మణికట్టు దగ్గర పట్టుకుని లాక్కెళ్ళడం చూసి, "అలా కాదండీ, పాపని మీరు పట్టుకోకూడదు, పాపే మీ మోచెయ్యి పట్టుకోవాలి. మీరు అరడుగు ముందు నడవండి, మీ ఒళ్ళు ఎటు తిరిగితే తనకి అటు తెలుస్తుంది" అని చేసి చూపించారు. అమ్మకి నచ్చలేదు. చెయ్యి వదిలేసినట్టుంది అంది. టీచర్ గారు నాతో వేరేగా ఒక మాటన్నారు: "దారి వేస్తున్నారు సరే, పాపని ముందు తోటంతా తిప్పండి. ఎక్కడ ఆగుతుందో చూడండి."

సాయంత్రం తిప్పాను. నా మోచెయ్యి పట్టుకుని నడిచింది. పాక దగ్గర ఆగనే లేదు. ఆగింది ఎక్కడంటే కోకో మొక్కల మధ్య. మాది కొబ్బరిలో కోకో అంతరపంట. వాటి ఎండాకులు పెద్దవి, కింద మందంగా పేరుకుని ఉంటాయి. వాటి మీద ఏది కదిలినా చప్పుడే. "ఇది తొండ మావయ్యా. ఆగి ఆగి పోతోంది. అది పిట్ట, రెండు కాళ్ళతో ఆకులు తిరగేస్తోంది." నేను వెతికి చూసేసరికి చెంబోతు. ఎర్ర రెక్కలు, ఎర్ర కళ్ళు, దర్జాగా నడుచుకుంటూ పోతోంది. ఇన్నేళ్ళుగా ఆ చప్పుడు తొక్కుకుంటూ తిరుగుతున్నాను, తొండకీ పిట్టకీ తేడా ఎప్పుడూ పట్టించుకోలేదు.

రెండోసారి ఆగింది ఎండిన కాలువ గట్టు మీద. నాలుకతో ట్చ్ ట్చ్ అని చప్పుడు చేసింది. గోడ దగ్గరా పెద్ద చెట్టు దగ్గరా అలాగే చేస్తుంది, తిరిగొచ్చే చప్పుడుని బట్టి అడ్డం ఉందో లేదో చెప్తుంది. "ఇక్కడ ఖాళీగా ఉంది" అంది. కాలువ అని చెప్పాను. "నీళ్ళొచ్చాక రావచ్చా?"

జవాబు చెప్పకుండా ఇంటికి తీసుకొచ్చాను.

మే 2

గుంజలు దిగాయి. సరుగుడు బాదులు, మణికట్టు లావువి, 5 అడుగుల ముక్కలుగా కోయించాను. అడుగున్నర భూమిలోకి, మూడున్నర పైకి. భూమిలోకి పోయే భాగానికి తారు. మా నేల ఒండ్రు, చెదలకి పుట్టిల్లు, తారు లేకపోతే రెండేళ్ళు కూడా ఆగవు. గుంజకీ గుంజకీ మధ్య 8 అడుగులు. తాడు ఇప్పటికి రెండుంపావు అడుగుల ఎత్తున చాలు, చెయ్యి కొంచెం మడిచి పెట్టుకుంటే సరిగ్గా అందుతుంది. గుంజలు అంతకంటే పొడుగ్గా ఎందుకంటే పిల్ల ఎదుగుతుంది, తాడు పైకి జరుపుకోవాలి.

దారి చెట్ల మొదళ్ళని ఆనుకుని పోకూడదు. కొబ్బరికీ కొబ్బరికీ మధ్య ఎడం 25 అడుగులు, సరిగ్గా మధ్యలోంచి పోవాలి. అయినా మట్టలు అంత దూరం వచ్చి పడతాయి. దింపు తీసే అతన్ని పిలిపించి దారికి అటూ ఇటూ ఉన్న చెట్లకి ఎండు మట్టలు, వట్టిపోయిన గెలలు తీయించాను. పని అంతా అయ్యాక గునపం పట్టుకుని నిలబడి, "ఇదంతా పాపగారి కోసమాండీ?" అన్నాడు. అవునన్నాను. "అయితే దింపుకి వచ్చినప్పుడల్లా ముందు ఈ వరస చూసేస్తానండి, ఆయ్." కూలి తగ్గించుకోబోయాడు, వద్దన్నాను.

మే 9

తాడు కట్టడం అంటే గుంజకి చుట్టి ముడెయ్యడమే కదా అనుకుంటాం. అలా కడితే ప్రతి 8 అడుగులకీ చెయ్యి గుంజకి కొట్టుకుంటుంది, పిల్ల తాడు వదిలి మళ్ళీ వెతుక్కోవాలి. మెట్ల పక్క రెయిలింగు ఎలా ఉంటుందో చూడండి. గోడకి కింద నుంచి కొక్కెం ఉంటుంది, పైన చెయ్యి ఆగకుండా జారిపోతుంది. అదే ఇక్కడా కావాలి. ఊరి సెంటర్లో వెల్డింగు షాపులో 8 ఎంఎం చువ్వతో కొక్కేలు వంచించాను. ఒక కొస గుంజకి బోల్టు, రెండో కొస దారి వైపు జానెడు బయటికి వచ్చి పైకి తిరుగుతుంది, ఆ గూట్లో తాడు కూర్చుంటుంది. తాడుని కొక్కేనికి కట్టే సన్న నైలాన్ దారం ముడి కింద వైపు. ఇనప తీగ వాడొద్దు, కొస ఎప్పుడో ఒకప్పుడు పైకి లేచి గీరుతుంది.

తాడు అంబాజీపేట నుంచి తెచ్చాను. బొటనవేలు లావు, పీచు తాడు. నైలాన్ చవక, చివకదు కూడా, కానీ మే నెల ఎండకి కాలుతుంది, చేతికి పట్టు ఉండదు. పీచు తాడుతో చిక్కు నూగు. కొత్త తాడు మీద పీచు ముళ్ళలా లేచి ఉంటుంది. టీచర్ గారు ముందే హెచ్చరించారు: బ్రెయిలీ చదివే వేలి కొనలు మొద్దుబారితే చుక్కలు తెలియవు. అందుకని తాడుని పరిచి, ఎండు కమ్మ మంటతో పైపైన నూగు కాల్చి, తడి గోనెతో రుద్దాం. దాని మీద అమ్మ కొబ్బరినూనె పట్టించింది. తోటలో తాడు వద్దన్న మనిషి మధ్యాహ్నం భోజనం మానుకుని మరీ పట్టించింది.

మే 15

నడిచింది.

అరుగు నుంచి పాక దాకా మొదటి ముక్క. ఎడమ చెయ్యి తాడు మీద, వేలి కొనలు మడిచి అరచేతి అంచు ఆనించి, కుడి చేతిలో తెల్ల కర్ర. కర్ర పొడవు నిలబెడితే గుండె దాకా రావాలని టీచర్ గారి లెక్క. మెత్తటి నేలలో కర్ర కొన దిగబడుతోంది, అందుకే తోటలో కర్ర కంటే తాడే దానికి హాయి. వెళ్ళింది, గేదె మూపు మీద చెయ్యి వేసింది, తిరిగొచ్చింది. అమ్మ వెనకాలే చెప్పుల్లేకుండా, చప్పుడు కాకుండా నడుస్తోంది. "అమ్మమ్మా, నీ పట్టీలు వినిపిస్తున్నాయి" అంది పిల్ల. అమ్మ వెనక్కి తగ్గి తొట్టి గట్టు మీద కూర్చుంది.

తాడు సాగింది. కొత్త పీచు తాడు లాగుడుకి బాగా సాగుతుంది, మధ్యలో వేలాడుతోంది. కట్టి వదిలెయ్యకుండా కొన్నాళ్ళపాటు బిగించుకుంటూ ఉండాలి. చివరి గుంజకి పొడుగు కొస వదిలిపెట్టడం అందుకే పనికొచ్చింది.

మలుపు వచ్చే ముందు తాడుకి ఒక ముడి. ఆగాల్సిన చోట రెండు ముళ్ళు పక్కపక్కన. ఇవి పిల్లా నేనూ కలిసి ఖాయం చేసుకున్న గుర్తులు.

మే 24

నేల పని. కాలికి కూడా దారి తెలియాలి. నడిచే మేర కొబ్బరి పొట్టు పరిచాం, రెండడుగుల వెడల్పు, పక్కలకి పోకుండా కొబ్బరి డొక్కలు బోర్లించి పాతాం. మలుపుల్లో ఇటుకలు. పొట్టు మీద మెత్తగా పోతున్న కాలికి ఇటుక తగిలితే ఆగి ముడి కోసం తడుముకుంటుంది. నీళ్ళ తొట్టి దగ్గర గోదారి ఇసుక.

ఇవాళ రాయాల్సింది మాత్రం కోకో గురించి. దారి రెండో ముక్క కోకో వరస పక్కగా పోతుంది. అది పిల్ల అడిగి వేయించుకున్న ముక్క. పాక వైపు మిగిలిన తాడుతోనే లాగాం. కోకో కాయ కొమ్మ చివర కాయదు, నేరుగా మానుకే కాస్తుంది. పిల్ల మానుని పైనుంచి కిందికి తడుముతూ వచ్చి ఒక్కసారి చెయ్యి వెనక్కి తీసేసుకుంది. మళ్ళీ పెట్టింది. బెరడు గరుకు, దానికి అతుక్కుని ఓ నున్నటి బొడ్డు, బొడ్డు నుంచి చేతి నిండా కాయ. కాయ మీద నిలువుగా గాళ్ళు. వేలు ఒక్కో గాడిలో పెట్టి చుట్టూ తిప్పి లెక్కపెట్టింది: "పది." తర్వాతి కాయకీ పదే. బొడ్డు పక్కన ఇంకేదో ఉందంది. చూస్తే చిన్న చిన్న పువ్వులు, నేరుగా బెరడులోంచి. నేను చూపిస్తే ఆ పిల్లకి తెలియాల్సినవి అనుకున్నాను. దాని వేలు పెట్టిన చోట నేను వంగి చూడాల్సి వచ్చింది.

మా మేనల్లుడికి పన్నెండేళ్ళు. ఈ దారి పని మొదలైనప్పటి నుంచి వాడికి కినుక. ఇంట్లో అందరి నోటా చెల్లి మాటే, వాడి సైకిలు పంక్చరు ఎవరికీ పట్టలేదు. అక్కకి ఇది కనబడుతూనే ఉంది, చెయ్యి ఖాళీ లేక ఊరుకుంది. ఇవాళ కోకో కోత. పండిన కాయ పసుపు రంగుకి తిరుగుతుంది, వాడు రంగు చూసి చెప్పాలి. పిల్ల కాయని వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టింది. పండిన కాయలో గింజలు గోడ నుంచి విడిపోతాయి, లోపల డొల్లగా మోగుతుంది. వాడు పండిందన్న కాయని అది పచ్చిదంది. కోసి చూస్తే గింజలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. ఇంకో కాయకి వాడు పచ్చిదన్నాడు, నీడన ఉండి రంగు సరిగ్గా తెలియలేదు. అది పండిందంది, లోపల గలగలమంది. వాడి మొహం చూడాల్సిందే.

కోకో కాయని మెలిపెట్టి లాగకూడదు, ఆ బొడ్డు దగ్గరే మళ్ళీ పూత రావాలి, కత్తితో తొడిమ కోయాలి. కాబట్టి పని పంపకం దానంతట అదే అయిపోయింది. అది కొట్టి చెప్పేది, వాడు కోసేది. పగలగొట్టి గింజల మీద తెల్ల గుజ్జు ఇద్దరూ చప్పరించారు. ఎవరికి ఎక్కువ గింజలు వచ్చాయని కొట్టుకున్నారు కూడా. అమ్మ కేకలేస్తే నేను వారించాను, వాళ్ళిద్దరూ సరిసమానంగా కొట్టుకోవడం నేను చూడడం ఇదే మొదటిసారి.

జూన్ 4

నీళ్ళు వదిలారు. రాత్రి వచ్చినట్టున్నాయి. పొద్దున్నే పిల్ల మంచం మీదే లేచి కూర్చుని, "కాలువ వచ్చింది" అంది. తూము దగ్గర నీళ్ళు పడే చప్పుడు, అరుగు మీదికి సన్నగా వినిపిస్తోంది. ఇదివరకు తోటలో దిక్కు తెలుసుకోవడానికి పాక వాసన, రోడ్డు మీద ఆటోలు. ఇప్పుడు ఉత్తరాన ఎప్పుడూ ఆగని చప్పుడు ఒకటి. తోట మధ్యలో తాడు వదిలేసి నిలబడి, చుట్టూ తిరిగి, చెయ్యి చాచి "కాలువ అటు, ఇల్లు ఇటు" అని చూపించింది. తప్పు పోలేదు.

అమ్మకి సరిగ్గా అందుకే భయం పట్టుకుంది.

జూన్ 8

గొడవ. పెద్దదే.

పిల్ల కాలువ దాకా తాడు వెయ్యమంది. అమ్మ ససేమిరా. "ఆ నీళ్ళలో కళ్ళున్నవాళ్ళే పోతున్నారు. నువ్వు తాడేసి మరీ దారి చూపిస్తావా?" అక్క ఏడుపు మొహం పెట్టింది. నేను చెప్పింది ఇది: తాడు లేకపోతే పిల్ల కాలువకి వెళ్ళదని ఎవరు చెప్పారు? చప్పుడు పిలుస్తోంది. ఇవాళ కాకపోతే రేపు, మనం చూడనప్పుడు వెళ్తుంది. ఆగాల్సిన చోటు చేతికీ కాలికీ తెలిసేలా కట్టిన దారిలో వెళ్ళడం మేలా, కలుపులో తడుముకుంటూ గట్టు అంచు వెతుక్కోవడం మేలా? అమ్మ దగ్గర నా తర్కాలు పనిచేయవు. "నీకు పిల్లలుంటే తెలిసేదిరా" అంది, అక్కడితో నా నోరు పడిపోయింది.

రాత్రి బావ ఫోన్. ఇటు నుంచి ఎవరేమన్నా వినకుండా పిల్లనే అడిగాడు: "కాలువ దగ్గర నువ్వేం చేస్తావమ్మా?" పిల్ల ఆలోచించింది. "కూర్చుంటాను. లకుముకిపిట్ట నీళ్ళలోకి దూకిందని అన్నయ్య చెప్పాడు. నేను దాని కూత ఒక్కటే విన్నాను, దూకడం వినలేదు." బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అత్తగారితో, "అత్తయ్యా, మీరు పక్కనుంటేనే వెళ్తుందని ఒప్పందం పెట్టండి. కట్టడం మాత్రం కట్టనివ్వండి" అన్నాడు. దూరాన ఉన్న అల్లుడి మాట కాబట్టి అమ్మ కాదనలేకపోయింది. నేనే అంటే చీపురు తిరగేసేది.

జూన్ 16

కాలువ వైపు కట్టడం ఇలా ఉంది. గట్టు అంచుకి 10 అడుగుల ఇవతల పొట్టు ఆగిపోయి ఇసుక మొదలవుతుంది. తాడుకి రెండు ముళ్ళు. ఆ తర్వాత 4 అడుగులకి తాడే ఆగిపోతుంది. అక్కడ అడ్డంగా రెండు సరుగుడు వాసాలు, ఒకటి మోకాలెత్తున, ఒకటి గుండెలెత్తున, గుంజలకి బోల్టులతో. ఒక్క వాసమే పెడితే కింద నుంచి దూరిపోతారు, పిల్లలకి అదే ఆట. వాసాలకి ఇవతల తాటి మొద్దు బెంచీ, వీపు ఆనడానికి పలక. వాసాలు అటూ ఇటూ కంచెలోకి కలిశాయి, పక్క నుంచి చుట్టు తిరిగి పోయే సందు లేదు. తలుపు పెట్టమని మేనల్లుడు అడిగాడు, గాలం వేసుకోవడానికి. పెట్టలేదు.

బెంచీ మీద మొదట కూర్చున్నది అమ్మ. ఒప్పందం ప్రకారం.

జూన్ 29

పేరు బిళ్ళలు. ప్రతి ముఖ్యమైన గుంజకీ ఒక బ్రెయిలీ బిళ్ళ పెడదామని అక్క ఆలోచన. అక్క ఏడాదిగా టీచర్ గారి దగ్గర బ్రెయిలీ నేర్చుకుంటోంది. 1951లో మన దేశ భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ ఖాయం చేశారు. క అనే అక్షరం తెలుగులోనైనా హిందీలోనైనా ఒకటీ మూడూ చుక్కలే. గుణింతం మనం రాసినట్టు అక్షరానికి అంటుకోదు, అచ్చు విడిగా పక్కన వస్తుంది. పాక అని రాయాలంటే ప, ఆ, క మూడు గళ్ళు. పలకా పొడుపు కర్రా పెట్టి రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకి తిరగేసి పొడవాలి, ఎందుకంటే చదివేది రెండో వైపు. మొదట్లో అక్క తల పట్టుకునేది, ఇప్పుడు టీవీ సీరియల్ చూస్తూ పొడుస్తుంది.

కాగితం వానకి ఆగదు. రేకు ఎండకి కాలుతుంది, అంచు కోస్తుంది. పాత ఎక్స్‌రే ఫిల్ము దీనికి భేషుగ్గా ఉంది, చుక్క లేచి నిలబడుతుంది, తడవదు. అమ్మ మోకాలి ఎక్స్‌రేలు రెండు ముక్కలయ్యాయి.

పిల్ల పాక దగ్గర బిళ్ళ తడిమి నవ్వింది. "పాక దగ్గర పాక అని ఎందుకమ్మా? గేదె చెప్తోందిగా." నిజమే. వాసన, చప్పుడు ఉన్న చోట రాత దండగ. ఏమీ చెప్పని చోట్ల కావాలి. ఏం రాయాలో తనే చెప్పింది, అక్క పొడిచింది. ఇప్పుడు మా తోటలో ఉన్న బిళ్ళలు: "తాతయ్య నాటిన చెట్టు." "వడ్రంగిపిట్ట ఇక్కడ కొడుతుంది." "అన్నయ్య జారిపడ్డ చోటు." చివరిది తీసేయాలని మేనల్లుడి అర్జీ. వాడికి బ్రెయిలీ రాదు, ఏ గుంజకి ఉందో ఇంకా కనిపెట్టలేదు, అందుకని అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

జూలై 13

మొన్న గాలివానకి కాలువ మూల తాటిచెట్టు మీది నుంచి గిజిగాడి గూడు ఒకటి ఊడి పడింది. ఖాళీదే, పిల్లలు లేవు. తెచ్చి పిల్ల ఒళ్ళో పెట్టాను.

అది ఆ గూటిని తడిమినంత సేపు నేను ఇంకో పని చెయ్యలేదు. ముందు బరువు చూసుకుంది. పైన తాటి కమ్మకి కట్టిన కొస, అక్కడ నేత మరీ బిగువు, వేలు దూరలేదు. కిందికి వస్తే బుర్రలాగా ఉబ్బు. దాని పక్క నుంచి కిందికి వేలాడే గొట్టం. గొట్టంలోకి నాలుగు వేళ్ళు పోనిచ్చి, లోపల అడ్డంగా ఉన్న మెట్టు పట్టుకుంది. "ఇది గుమ్మం. ఇది గది. గుడ్లు దొర్లి పడకుండా ఇక్కడ గడప కట్టింది." ఎవరూ చెప్పలేదు దానికి. ఇంకాసేపటికి, "మావయ్యా, లోపల గోడకి ఏదో మట్టి అంటి ఉంది" అంది. ఎండిన మట్టి పెళ్ళలు, గరుకుగా. మగపిట్ట గూడు సగంలో ఉన్నప్పుడే తెచ్చి అంటిస్తుంది.

అమ్మ అందుకుంది. "మిణుగురు పురుగుల్ని తెచ్చి ఆ మట్టికి అంటించి, రాత్రి దీపం పెట్టుకుంటుందే. మా నాయనమ్మ చెప్పేది."

పిల్ల తల అడ్డంగా ఊపింది. "పడుకుని కళ్ళు మూసుకుంటుందిగా అమ్మమ్మా, దానికి దీపం ఎందుకు? గాలికి గూడు ఊగకుండా బరువు పెట్టిందేమో."

గూడు బరువు కోసమేనని కొందరంటారు, గట్టిదనానికని కొందరు. నేను చెప్పబోయి మానేశాను, అమ్మమ్మా మనవరాలూ అప్పటికే గూటిని తాడుకి వేలాడదీసి ఊది పరీక్షిస్తున్నారు.

ఆ రాత్రి బావ ఫోన్ చేస్తే గూటిని ఫోన్ దగ్గర పెట్టి గోటితో గీరి వినిపించింది. మామూలుగా అతను వీడియో కాల్ చేస్తాడు, పిల్ల మాత్రం ఫోన్‌ని తన మొహం వైపు తిప్పుకోదు, దేని చప్పుడు వినిపించాలో దాని వైపు తిప్పుతుంది. పాపం, బావ తెర మీద నెలల తరబడి గేదె చెవులూ కోకో ఆకులే చూస్తున్నాడు. పిల్లని చూపించమని అక్కని అడగాలి. ఇంతవరకు అడగలేదు.

ఆగస్టు 3

చిన్న చిన్న మరమ్మతులు. వానలకి పొట్టు కుంగింది, మళ్ళీ పరిచాం. ఇటుకల మీద పాచి పట్టింది, బ్లీచింగ్ వేసి రుద్దించాను. జారితే అన్నీ వృథా. రెండు కొక్కేలకి తుప్పు, రెడ్ ఆక్సైడు పూయాలి. వర్షం పడేటప్పుడు పిల్ల అరుగు మీదే కూర్చుంటుంది. అరటాకు మీద వాన, రేకు మీద వాన, కోకో ఆకుల మీద వాన వేరువేరుగా వినిపించి తోట మొత్తం ఒకేసారి తెలుస్తుందట. అప్పుడు పిలిస్తే పలకదు.

దింపు అతను చెప్పినట్టే ముందు ఈ వరస చూస్తున్నాడు. కాయలు వేసుకునే బండి పట్టడానికి రెండు గుంజలు అడ్డం వస్తున్నాయి, వాటిని ఊడదీసి పెట్టుకునేలా ఇనప గొట్టంలో దింపాలి.

ఆగస్టు 10

పిల్ల కొత్త ఆర్డరు. పాక దాకా తాడు తీసెయ్యమంది. "నాకు అక్కర్లేదు, కాళ్ళకి తెలుసు." నిజంగానే కొన్నాళ్ళుగా తాడు పట్టుకోకుండానే వెళ్ళొస్తోంది, పొట్టు మీద కర్ర కూడా ఆడించడం లేదు. ఆ తాడు గిజిగాళ్ళ తాటిచెట్టు దాకా వెయ్యాలట. కాలువ బెంచీ నుంచి కంచె వెంబడి, తూర్పు మూలకి. గూళ్ళు కడుతున్నప్పుడు మగపిట్టలు గోల చేస్తాయి, ఆ గోల కింద కూర్చోవాలట.

అమ్మ ఏమంటుందోనని చూశాను. "గట్టు వైపు వాసాలు రెండు కాదు, మూడు వెయ్యి" అంది.

పొద్దుటి పూట నేనూ మేనల్లుడూ పాక వైపు తాడు విప్పాం. గుంజలు ఉంచాం, అక్క బట్టలారేసుకుంటానంది. తాడు చుట్ట చుట్టి కొలిస్తే 64 అడుగులు వచ్చింది. తాటిచెట్టు దాకా 71 కావాలి. రేపు అంబాజీపేట వెళ్ళాలి.